స్లాట్ కార్ ట్రాక్‌ను చెమ్మ, ఉప్పుగాలి నుంచి ఎలా కాపాడుకోవాలి?

స్లాట్ కార్ అంటే ట్రాక్‌లోని గాడి వెంట కరెంటుతో పరిగెత్తే బొమ్మకారు. సంక్రాంతి సెలవులకి అటక మీంచి దించిన ట్రాక్ మీద కారు రెండడుగులు పోయి ఆగిపోతే మోటారు కాలిపోయిందనుకుంటారు. చాలాసార్లు మోటారు బాగానే ఉంటుంది. గాడికి రెండు పక్కలా ఉండే సన్నటి లోహపు పట్టీల నుంచే కారుకి కరెంటు అందుతుంది. కారు అడుగున ఉండే బ్రెయిడ్ అనే రాగి అల్లిక వాటిని రాసుకుంటూ పోతుంది. ఆ రెండిటి మధ్య చిలుమో, చేతి జిడ్డో, ఊక నుసో చేరితే కరెంటు తెగిపోతుంది. అమలాపురం, రాజోలు, నరసాపురం వైపు చెమ్మకి ఉప్పుగాలి కూడా తోడు. అక్కడ ఉత్త ఉక్కు పట్టీలైతే తొందరగా తుప్పు పడతాయి. కరేరా కంపెనీ సెట్లలోలా స్టెయిన్‌లెస్ పట్టీలైతే కాస్త తట్టుకుంటాయి గానీ వాటికీ జిడ్డు పడుతుంది.

ముందు అడాప్టర్ ప్లగ్ తీసేయండి. అంగుళం వెడల్పున్న పొడి పెయింటు బ్రష్‌తో గాడి పొడవునా నుసి లాగేయండి. ఇంట్లో వ్యాక్యూమ్ ఉంటే దాంతో పీల్చడం ఇంకా మేలు. సార్వా, దాళ్వా నూర్పిళ్ల రోజుల్లో ఆడిన ప్రతిసారీ ఇది చేయాలి.

తడిగుడ్డ మాత్రం పెట్టొద్దు. నీళ్లు పట్టీకి, ప్లాస్టిక్‌కి మధ్య సందులోకి దిగితే ఓ పట్టాన ఆరవు. పైన తళతళలాడుతున్నా తుప్పు కింద నుంచి మొదలవుతుంది. కొన్నాళ్లకి పట్టీ అంచున గోధుమరంగు గీత కనిపిస్తుంది.

తుడవడానికి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కావాలి. మొబైల్ రిపేరు సామాన్లమ్మే షాపుల్లో అడగండి. శానిటైజర్ పనికిరాదు, అందులో నీళ్లతో పాటు గ్లిజరిన్ ఉంటుంది, అది జిడ్డు మిగులుస్తుంది. పోగులు రాలని పాత పంచె ముక్కని వేలికి చుట్టి, నాలుగైదు చుక్కలు వేసి, పట్టీ పొడవునా ఒకే దిక్కుగా లాగండి. గుడ్డ మీద నల్లటి చార పడుతుంది. మీటరుకోసారి గుడ్డ మడత మార్చి, చార పడటం ఆగేదాకా తుడవండి. కిటికీలు తెరిచి, దీపానికీ పొయ్యికీ దూరంగా చేయండి. పూర్తిగా ఆరాకే ప్లగ్ పెట్టండి.

తుప్పు మచ్చలుంటే ముందు పెన్సిల్ రబ్బరుతో రుద్దండి. మొండి మచ్చ ఉంటే అంతమేరకే 2000 నంబరు ఎమరీ కాగితంతో తేలిగ్గా రుద్దండి. ముతక కాగితం వాడితే గీతలు పడి, వాటిలో మళ్లీ మురికి చేరుతుంది. స్టీల్ పీచు అసలు వద్దు: తెగిన పోగులు కారు అడుగున అయస్కాంతానికి అంటుకుంటాయి, గాడిలో పడి షార్ట్ చేస్తాయి.

ఇంత చేసినా కారు ప్రతి చుట్టులో ఒకే చోట ఆగుతుంటే తప్పు చాలావరకు ట్రాక్ ముక్కలు కలిసే అతుకుదే. ఆ అతుకుని వేలితో నొక్కి చూడండి, కారు కదిలిందంటే అది వదులైనట్టే. ప్లగ్ తీసి, ముక్కలు విడదీసి, లోహపు నాలుకని ముక్కు ప్లయర్‌తో వెంట్రుకవాసి బిగించండి. ఎక్కువ నొక్కితే విరుగుతుంది. అతుకులు పెరిగేకొద్దీ వోల్టేజ్ తగ్గి, పెద్ద ట్రాక్‌లో దూరపు మలుపు దగ్గర కారు నీరసిస్తుంది. అనలాగ్ సెట్ (ఒక్కో గాడిలో ఒక్క కారే నడిచేది) అయితే అడాప్టర్ తగిలించే పవర్ ముక్క నుంచి ఆ చివరికి విడిగా వైర్లు లాగాలి. ఏ పట్టీ వైరు ఆ పట్టీకే కలపాలి, తారుమారైతే షార్టే.

కారునీ చూడండి. బ్రెయిడ్‌ని పాత టూత్‌బ్రష్‌తో దువ్వి కొద్దిగా విప్పార్చండి. మరీ కిందికి వంచితే కారు ముందుభాగం పైకి లేచి మలుపులో గాడి తప్పుతుంది. టైర్లని సెల్లో టేపు జిగురు మీద దొర్లిస్తే నుసి ఊడొస్తుంది. ఇరుసుకి గుండుసూది మొనతో ఒక్క చుక్క కుట్టుమిషన్ నూనె చాలు.

లోపల పెట్టేముందు అదే నూనె పట్టీలకి పల్చగా రాసి, పొడిగుడ్డతో తుడిచేయండి. మిగిలే పొరే తుప్పుని ఆపుతుంది. కొబ్బరినూనె వాడకండి, పుష్యమాసపు చలికి గడ్డకట్టి నుసిని పట్టేస్తుంది. బిగుతు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలతో, ముక్కలని బల్లపరుపుగా పేర్చండి. న్యూస్‌పేపర్ చుట్టొద్దు, అది చెమ్మ పీలుస్తుంది. వేసవిలో శ్లాబు కింద అటక మీద పెడితే ముక్కలు వంకరపోతాయి. వానాకాలంలో నెలకోసారి మూత తీసి పట్టీలు చూడండి. మళ్లీ ఆడేముందు ఆ నూనెని ఆల్కహాల్‌తో తుడిచేయాలి, లేకపోతే టైర్లు జారతాయి.