కాటమరాన్ ఒరిగి చెప్పదు, లెక్క మనమే చూసుకోవాలి

మామూలు తెరచాప పడవల మీద 11 ఏళ్లు తిరిగాక మొదటిసారి కాటమరాన్ (రెండు హల్‌లు, అంటే రెండు పడవ దేహాలు, పక్కపక్కన కలిపి కట్టిన పడవ) చుక్కాని నా చేతికొచ్చింది. 40 అడుగుల పడవ, రాత్రి కాపలా, గాలి వెనక నుంచి. బల్ల మీద పెట్టిన నీళ్ల గ్లాసు గంటసేపు కదల్లేదు. ఒంటికి తగిలే గాలి 14 నాట్‌లే (ఒక నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు) కాబట్టి అంతా బాగుందనుకున్నాను. యజమాని నిద్ర లేచొచ్చి మీటర్ చూసి, "అసలు గాలి 25 ఉంది, రీఫ్ ఎందుకు వెయ్యలేదు?" అన్నారు. రీఫ్ అంటే తెరచాపను కొంత మడిచి చిన్నది చేయడం. పడవ 11 నాట్‌ల వేగంతో గాలి పోయే వైపే పరిగెడుతోంది. ఆ 11 పోగా మిగిలిన గాలే నాకు తగిలింది. తెరచాప తగ్గించడానికి పడవను గాలికి ఎదురు తిప్పగానే ఆ 14 కాస్తా 25 దాటింది. గాలి వేగం రెట్టింపయితే దాని తోపు నాలుగింతలవుతుంది, అందుకే ఆ కాసేపట్లోనే తెరచాప మీద బరువు మూడు రెట్లు దాటిపోయింది. ఇద్దరం కలిసి రీఫ్ వేసేసరికి అరగంట పట్టింది. ఒంటి హల్ పడవ నుంచి కాటమరాన్‌కి మారేవాళ్లు ముందుగా అర్థం చేసుకోవాల్సింది ఇదే: గాలి పెరిగిందని ఈ పడవ ఒరిగి చెప్పదు.

ఎందుకు ఒరగదో కళ్లతో చూడాలంటే ఒక నీళ్ల తొట్టి చాలు. ఖాళీ ప్లాస్టిక్ సీసాను అడ్డంగా పెట్టి, దాని నడుముకి కిందివైపు ఒక పుల్ల, పుల్ల చివర రాయి గట్టిగా కట్టండి. అది ఒంటి హల్ పడవ, రాయి దాని కీల్, అంటే పడవ అడుగున ఉండే బరువైన రెక్క. ఇంకో రెండు సీసాలను పక్కపక్కన ఎడంగా ఉంచి పైన రెండు పుల్లలతో కలిపి కట్టండి. అది కాటమరాన్. ఇప్పుడు రెండింటి మీదా తెరచాప కొయ్యలా ఒక్కో పుల్ల నిలబెట్టి కట్టి, దాని కొనను పక్క నుంచి వేలితో నెట్టండి. రాయి కట్టిన సీసా వెంటనే ఒరుగుతుంది. ఎంత ఒరిగితే అంత మొండికేస్తుంది, వేలు తీస్తే లేచి నిలబడుతుంది. జంట సీసాలు మొదట్లో అసలు లొంగవు. ఒక సీసా నీళ్ల నుంచి లేచిందా, అక్కడి నుంచి ప్రతిఘటన తగ్గుతూ పోయి మొత్తం తలకిందులవుతుంది, అలాగే ఉండిపోతుంది.

నిజం పడవల్లోనూ అంతే. కీల్ ఉన్న పడవ బరువులో సుమారు మూడో వంతు అడుగున సీసమో ఇనుమో ఉంటుంది. సముద్రానికి పనికొచ్చే మంచి పడవ 120 డిగ్రీల దాకా ఒరిగినా తిరిగి లేస్తుంది. కాటమరాన్‌కి ఆ బరువు లేదు, వెడల్పే దాని బలం. ఆ బలం పది పన్నెండు డిగ్రీల దగ్గరే, గాలి వైపు హల్ నీళ్లు వదిలే క్షణంలోనే, శిఖరానికి చేరుతుంది. ఒంటి హల్ పడవ గాలి ఎక్కువైతే ఒరిగిపోయి కొంత గాలిని తెరచాప మీదుగా జార్చేస్తుంది, మీకు కబురూ చెబుతుంది. కాటమరాన్ ఆ తోపునంతా తెరచాప కొయ్య మీద, తాళ్ల మీద మోస్తూ నిటారుగానే ఉంటుంది. అయితే హల్‌కి రంధ్రం పడితే కీల్ పడవను ఆ సీసమే కిందికి లాగుతుంది. చాలా కాటమరాన్లు నీళ్లు నిండినా తేలే ఉంటాయి. ఏది భద్రమని నన్నడిగితే, దేన్నయినా దాని స్వభావం తెలిసి నడిపితేనే భద్రం అంటాను.

కాబట్టి రీఫ్ అంకెను చూసి వేయండి. తయారీదారు ఇచ్చిన పట్టికను చుక్కాని పక్కనే అంటించుకోండి. నేను నడిపే పడవకి 18 నాట్‌లకి మొదటి రీఫ్, 24కి రెండోది. ఒంటి హల్ పడవలో సగటు గాలిని చూస్తే సరిపోతుంది, కాటమరాన్‌లో మాత్రం వచ్చే పెద్ద విసురును లెక్కలోకి తీసుకోవాలి. గాలి వెనక నుంచి ఉంటే ఒంటికి తగిలేదాన్ని నమ్మకండి, అసలు గాలి అంకెనే చూడండి.

వేగం సంగతి అందరూ అడుగుతారు. బరువైన పడవ తను లేపిన అలలో తనే చిక్కుకుంటుంది. నీటి మట్టం దగ్గర 36 అడుగులుండే పడవకి ఆ హద్దు సుమారు 8 నాట్‌లు. సన్నటి హల్‌లు అలను కోసుకుపోతాయి కాబట్టి కాటమరాన్‌ని ఆ హద్దు అంతగా ఆపదు. 1876లోనే అమెరికా పడవల రూపకర్త నథానియెల్ హెరెషాఫ్ కట్టిన జంట హల్ పడవ న్యూయార్క్ పందెంలో మామూలు పడవలను ఓడించింది. ఓడినవాళ్లు గొడవ చేయడంతో దాన్ని అనర్హమని పక్కన పెట్టేశారు. కానీ సామాన్లు నింపితే ఈ లాభం పోతుంది. హల్‌లు దిగి, వాటిని కలిపే వంతెన లాంటి భాగం అడుగును అలలు ధనధన కొడతాయి. ఎదురుగాలికి దగ్గరగా వెళ్లడంలోనూ లోతైన కీల్ పడవదే పైచేయి.

అన్నట్టు, ఈ పేరు తమిళ 'కట్టుమరం' నుంచి వచ్చింది. అది దుంగలు కలిపి కట్టిన తెప్ప, దానికి రెండు హల్‌లు లేవు. జంట పడవలను కట్టి మహాసముద్రం దాటింది పసిఫిక్ దీవుల పాలినీషియన్లు. పేరు ఒకరిది, పడవ ఇంకొకరిది.

గాలి ఇంకో పక్కకి మారేలా ముక్కును ఎదురుగాలి మీదుగా తిప్పేటప్పుడు బరువైన పడవ తన ఊపుతోనే దాటిపోతుంది. తేలికైన కాటమరాన్ మధ్యలో ఆగిపోవచ్చు. ముందు వేగం తెచ్చుకోండి. చుక్కానిని ఒక్కసారిగా కాకుండా నిలకడగా తిప్పండి. ముక్కు వైపున్న తెరచాపను వెంటనే విడవకండి, గాలి దానికి వెనక నుంచి పట్టి ముక్కును తోసేదాకా ఆగి, అప్పుడు అటు మార్చండి. పెద్ద తెరచాపను కాస్త వదులు చేయండి. అయినా వెనక్కి జారుతుంటే కంగారుపడకుండా చుక్కానిని ఎదురు వైపుకి తిప్పండి.

రేవులో మాత్రం కాటమరాన్ హాయి. చుక్కాని మధ్యలో ఉంచి ఒక ఇంజిన్ ముందుకి, ఇంకోటి వెనక్కి పెడితే ఉన్నచోటే తిరుగుతుంది. వెడల్పు 7 మీటర్ల దాకా ఉంటుంది, చోటు ముందే చూసుకోండి.

లంగరు వేశాక గొలుసు మీదే వదిలేస్తే పడవ అటూ ఇటూ ఊగుతుంది. రెండు ముక్కుల నుంచీ ఒక్కో తాడు తెచ్చి గొలుసుకి కట్టండి. ఒక్కో తాడు పొడవు కనీసం పడవ వెడల్పంత ఉండాలి. తర్వాత ఇంకొంచెం గొలుసు వదిలి, బరువంతా తాళ్ల మీదికి వచ్చిందో లేదో చేత్తో పట్టి చూసుకుని, అప్పుడు ఇంజిన్లు ఆపండి.