స్పితిలో గడ్డకట్టిన జలపాతం ఎక్కించే ముందు

హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయలో ముఖ్యమైన ఊరు కాజా. దాని ఎత్తు 3,600 మీటర్ల పైమాటే. హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లకు రెండు మూడు రోజులు ఒళ్లు అలవాటు పడనిచ్చాకే మంచు దగ్గరికి తీసుకెళ్లండి.

- ఎండ పడని గోడే ఎంచుకోండి. మంచు వెనక నీళ్లు గట్టిగా పారుతున్న చప్పుడు వినిపిస్తే ఆ రోజుకు మానుకోండి.
- ఎక్కేవాళ్లకు కట్టే తాడు పైనుంచే వేలాడాలి.
- వంగే ట్రెక్కింగ్ బూటుకు క్రాంపాన్ (మంచులో దిగే ఇనుప పళ్ల చట్రం) బిగిస్తే మధ్యలో ఊడుతుంది. అడుగు గట్టిగా ఉన్న బూటే కావాలి. నేలమీదే తొడిగించి కాలు విదిలించమనండి. మడమ పైకెత్తితే ముందు పళ్లు మంచును వదిలేస్తాయి. భయపడ్డ ప్రతివాళ్లూ చేసేది సరిగ్గా ఇదే. మడమ కాస్త దించే ఉండాలి.
- ఎక్కడానికి వాడే మంచు గొడ్డలి ఇరుక్కుంటే పక్కలకు ఊపొద్దు. పిడిని పైకీ కిందకీ ఆడించాలి.
- తాడు పట్టేవాళ్లు పక్కకు నిలబడాలి, నేరుగా కింద కాదు. పెచ్చులు రాలడం మామూలే. హెల్మెట్ ఇద్దరికీ.
- గ్లవ్స్ రెండు జతలు. ఒకటి తడవక మానదు.