డాలస్‌కా, చికాగోకా? ఆఫర్‌కు సరే అనేముందు వేసుకోవాల్సిన లెక్కలు

తిరుపతి, చిత్తూరు ఇళ్లలో అమెరికాలో ఎం.ఎస్. ముగించిన పిల్లలకు అక్కడే రెండు ఉద్యోగాల ఆఫర్లు వస్తే అందరూ మొదట చేసే పని జీతాన్ని రూపాయల్లోకి మార్చడం. ఆ లెక్క ఎందుకూ పనికిరాదు. సంపాదించేదీ ఖర్చుపెట్టేదీ అక్కడే, డాలర్లలోనే. ఊరి పేరు చూసి తేల్చుకోవడమూ పొరపాటే. డాలస్‌లో ఉద్యోగం అంటే ఇల్లు చుట్టుపక్కల ఫ్రిస్కోలోనో ఇర్వింగ్‌లోనో ఉండొచ్చు. చికాగో అంటే నేపర్‌విల్, ఆరోరా కావచ్చు. ఆరోరా నుంచి చికాగో డౌన్‌టౌన్‌కు దాదాపు 65 కిలోమీటర్లు, అంటే ఇంచుమించు తిరుపతి నుంచి చిత్తూరంత. కాబట్టి ఆఫీసు అడ్రసు, వారానికి ఎన్ని రోజులు వెళ్లాలో ముందు రాతపూర్వకంగా తెలుసుకోండి. మిగతా లెక్కలన్నీ దానిమీదే ఆధారపడతాయి.

తర్వాత నెలకు చేతికొచ్చేదెంతో చూడండి. ఫెడరల్ పన్ను, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోతల రేట్లు రెండుచోట్లా ఒకటే. తేడా అంతా రాష్ట్రం దగ్గరే. డాలస్ ఉన్న టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. చికాగో ఉన్న ఇలినాయ్‌లో జీతం ఎంతైనా 4.95 శాతం. ఏడాదికి లక్ష డాలర్లయితే, కొద్దిపాటి మినహాయింపు పోను సుమారు 4,800, నెలకు 400. కొన్న వస్తువుల మీద పన్ను డాలస్‌లో 8.25 శాతం, చికాగోలో 10 దాటుతుంది. హెల్త్ ఇన్సూరెన్స్‌కు జీతంలో నెలనెలా ఎంత పట్టుకుంటారో, డిడక్టబుల్ (ఇన్సూరెన్స్ చెల్లించడం మొదలుపెట్టేముందు వైద్యానికి మనం సొంతంగా పెట్టుకోవాల్సిన మొత్తం) ఎంతో హెచ్.ఆర్.ను అడిగి రాసుకోండి. భార్యాబిడ్డలు ఉన్నవాళ్లకు ఒక్కోసారి ఆ 400 కంటే పెద్ద తేడా ఇక్కడే బయటపడుతుంది.

డాలస్‌లో మిగిలిన ఆ 400 చాలామందికి కారుకే పోతుంది. డార్ట్ అనే లోకల్ రైళ్లు ఉన్నాయి కానీ ఫ్రిస్కో దాకా రావు. ఇద్దరూ ఉద్యోగాలు చేస్తే రెండు కార్లు కావాల్సిందే. వాయిదా, ఇన్సూరెన్స్, పెట్రోలు, టోల్ నాలుగూ విడివిడిగా రాయండి. ఇన్సూరెన్స్ ధర జిప్ కోడ్‌ను (అక్కడి పిన్‌కోడ్) బట్టి మారుతుంది, అక్కడ డ్రైవింగ్ అనుభవం లేని కొత్తవాళ్లకు బాగా ఎక్కువ. చికాగోలో ఆఫీసు డౌన్‌టౌన్‌లో ఉండి, ఇల్లు 'ఎల్' అనే సిటీ రైలు స్టేషన్‌కు నడిచిపోయేంత దగ్గరైతే కారు లేకుండానే గడిచిపోతుంది. అందులో రెడ్, బ్లూ లైన్ల రైళ్లు రాత్రంతా నడుస్తాయి. అక్కడ కారు పెట్టుకుంటే పార్కింగ్ బాడుగ వేరే. పైగా డిసెంబరు 1 నుంచి ఏప్రిల్ 1 దాకా కొన్ని పెద్ద రోడ్ల మీద తెల్లవారుజామున 3 నుంచి 7 వరకు, మంచు పడినా పడకున్నా, కారు నిలపకూడదు. నిలిపితే లాక్కెళ్లిపోతారు.

ప్రయాణం ఎంతసేపో ఇక్కడ కూర్చునే చూడొచ్చు. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా మనకు సాయంత్రం 6.30 అయితే రెండు ఊళ్లలోనూ ఉదయం 8. చలికాలంలో మనకు 7.30. ఆ వేళకు గూగుల్ మ్యాప్స్ తెరిచి, ఇంటి అడ్రసు నుంచి ఆఫీసుకు అప్పటి ట్రాఫిక్‌లో ఎంతసేపు చూపిస్తుందో మంగళ, బుధ, గురువారాల్లో రాసుకోండి. ఆదివారం చూసి నిర్ణయించుకున్నవాళ్లు సోమవారం తెల్లబోతారు.

బాడుగ విషయంలో ప్రకటనలో కనిపించే అంకెను నమ్మొద్దు. చెత్త, నీళ్లు, పురుగుమందు, పార్కింగ్ కలిపి మొత్తం ఎంతో అడగండి. నెలకు 1,800, ఒక నెల ఉచితం అంటే ఏడాది మీద సగటున నెలకు 1,650 పడుతుంది. కానీ మరుసటి ఏడాది పెంపు 1,800 మీదే వేస్తారు. ఇల్లు చూడకుండా డబ్బు పంపమంటే అది మోసమే అనుకోండి. ముందు రెండు మూడు వారాలకు తాత్కాలికంగా దిగి, తర్వాతే ఏడాది లీజు మీద సంతకం పెట్టడం మేలు.

కరెంటు దగ్గర డాలస్‌లో కొత్తవాళ్లు తరచూ దెబ్బతింటారు. అక్కడ కరెంటు అమ్మే కంపెనీని మనమే ఎంచుకోవాలి. ప్రతి ప్లాన్‌కూ ఎలక్ట్రిసిటీ ఫ్యాక్ట్స్ లేబుల్ అనే కాగితం ఉంటుంది. అందులో 500, 1,000, 2,000 యూనిట్లు వాడితే యూనిట్‌కు సగటున ఎంత పడుతుందో మూడు గడుల్లో వేస్తారు. కొన్ని ప్లాన్లు 1,000 యూనిట్లు దాటితేనే తగ్గింపు ఇస్తాయి. అందుకే 1,000 గడిలో రేటు చవగ్గా కనిపిస్తుంది. చిన్న అపార్ట్‌మెంట్‌లో శీతాకాలం 500 దాటకపోవచ్చు, అప్పుడు అసలు రేటు పడుతుంది. 500 గడి చూసి ఎంచుకోండి. ప్లాన్ మధ్యలో వదిలేస్తే కట్టాల్సిన జరిమానా కూడా అదే కాగితంలో ఉంటుంది.

వాతావరణం గురించి దాపరికం లేకుండా చెప్పాలి. డాలస్ వేసవిలో 38 డిగ్రీలు దాటడం మామూలే, మన ఎండల్లో పెరిగినవాళ్లకు అది కొత్తేమీ కాదు. చికాగో జనవరి మాత్రం మన ఊహకు అందదు. సున్నాకు కింద రోజులు వరసగా గడుస్తాయి. 2019 జనవరిలో మైనస్ 30 దాటింది. టెక్సస్‌కూ చలి దెబ్బ తగలకపోలేదు. 2021 ఫిబ్రవరి తుఫానులో లక్షల ఇళ్లకు రోజుల తరబడి కరెంటు పోయింది.

ఇక్కడి నుంచి అమ్మానాన్నలు వెళ్తే సాధారణంగా ఆరు నెలల దాకా ఉండనిస్తారు. చికాగోకైతే ఏప్రిల్ చివర్లో బయలుదేరి అక్టోబరుకల్లా తిరిగి రావాలి. డాలస్‌కైతే అక్టోబరులో పోయి ఏప్రిల్‌లో రావడం మంచిది. డాలస్ శివార్లలో కారు నడపని పెద్దవాళ్లు పగలంతా ఇంట్లోనే ఉండిపోవాల్సి వస్తుంది. నడిచిపోయే దూరంలో పార్కు, అంగడి ఉన్న ఇల్లు చూడండి. గుడి గురించి దిగులక్కర్లేదు. ఆరోరాలో బాలాజీ గుడి, ఫ్రిస్కోలో కార్యసిద్ధి హనుమాన్ గుడి ఉన్నాయి.

ఇప్పటికే హెచ్-1బి (ఉద్యోగ వీసా) మీద ఒక ఊళ్లో పనిచేస్తూ అదే కంపెనీలో రెండో ఊరికి మారాలనుకుంటే, కంపెనీ కొత్త చోటికి ఎల్.సి.ఎ. (కార్మిక శాఖ ఆమోదించే జీతం, పని షరతుల పత్రం) తీసుకుని, సవరణ పిటిషన్ వేశాకే అక్కడ పని మొదలుపెట్టాలి. మేనేజర్ నోటిమాటగా సరే అన్నంత మాత్రాన సరిపోదు. ఇల్లు మారిన 10 రోజుల్లోపు అడ్రసు మార్పు తెలిపే ఏఆర్-11 ఫారం ఆన్‌లైన్‌లో నింపాలి, దానికి ఫీజు లేదు. ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్నవాళ్లు అదే గడువులో కాలేజీకి కొత్త అడ్రసు తెలపాలి.