నెక్స్ట్ జెఎస్‌లో గ్లోబల్ స్టోర్: రిక్వెస్ట్‌కి ఒకటి చొప్పున

బ్రౌజర్‌లో మాత్రమే నడిచే రియాక్ట్ యాప్‌లో జుస్టాండ్ (యాప్ అంతటా వాడే డేటాని ఒకచోట ఉంచే లైబ్రరీ) స్టోర్‌ని ఒక ఫైల్‌లో నేరుగా తయారుచేసి, కావాల్సిన చోటల్లా ఇంపోర్ట్ చేసుకుంటాం. ఆ ట్యాబ్‌లో ఉండేది ఒక్క యూజరే కాబట్టి ఇబ్బంది లేదు. అదే ఫైల్‌ని నెక్స్ట్ జెఎస్‌లో (పేజీల్ని సర్వర్‌లోనూ తయారుచేసే రియాక్ట్ ఫ్రేమ్‌వర్క్) సర్వర్ మీద నడిపితే కొంప మునుగుతుంది. సర్వర్‌లో జావాస్క్రిప్ట్‌ని నడిపే నోడ్ ప్రాసెస్ ఆ మాడ్యూల్‌ని, అంటే ఆ ఫైల్‌ని, ఒక్కసారే లోడ్ చేసి, తర్వాతి రిక్వెస్టులన్నిటికీ అదే వాడుతుంది. ఒకరి రిక్వెస్ట్‌లో స్టోర్‌లోకి ఎక్కిన పేరు ఇంకొకరి పేజీలో తేలొచ్చు. సర్వర్‌లెస్ (అవసరమైనప్పుడే సర్వర్ లేచే పద్ధతి) అయినా గండం తప్పదు. ఒకసారి లేచిన ఇన్‌స్టెన్స్‌కే తర్వాతి రిక్వెస్టులూ వెళ్లొచ్చు.

అందుకే స్టోర్‌ని కాదు, స్టోర్‌ని తయారుచేసే ఫంక్షన్‌ని ఎక్స్‌పోర్ట్ చేయండి. జుస్టాండ్ వెనిలాలోని (రియాక్ట్ లేకుండా పనిచేసే భాగం) క్రియేట్‌స్టోర్‌ని దాని లోపల పిలవండి, మొదటి విలువల్ని ఆర్గ్యుమెంట్‌గా తీసుకోండి. తర్వాత ఒక క్లయింట్ కాంపొనెంట్‌ని (బ్రౌజర్‌లోనూ నడిచేది) ప్రొవైడర్‌గా, అంటే కింది కాంపొనెంట్లకి స్టోర్ అందించేదిగా రాసి, అందులో యూజ్‌స్టేట్‌తో స్టోర్ పుట్టించి కాంటెక్స్ట్‌లో పెట్టండి. యూజ్‌స్టేట్‌కి ఫంక్షన్‌నే ఇవ్వాలి; అక్కడే పిలిచేస్తే రెండర్ అయిన ప్రతిసారీ ఒక స్టోర్ పుట్టి వృథా అవుతుంది. యూజ్‌మెమో వద్దు, విలువ నిలుస్తుందని రియాక్ట్ హామీ ఇవ్వదు.

సర్వర్ మీదే నడిచే సర్వర్ కాంపొనెంట్లు ఈ స్టోర్ జోలికి పోకూడదు. అవి కుకీ చదివి, డేటా తెచ్చి, ప్రొవైడర్‌కి ప్రాప్స్‌గా (కాంపొనెంట్‌కి బయటి నుంచి ఇచ్చే విలువలు) ఇస్తే చాలు. ఆ ప్రాప్స్ పేజీ సోర్స్‌లో కనిపించేవే, టోకెన్లు అందులో పెట్టకండి. కుకీ చదివే పని రూట్ లేఅవుట్‌లో పెడితే కింది పేజీలన్నీ డైనమిక్ అయిపోతాయి, అంటే ప్రతి రిక్వెస్ట్‌కీ కొత్తగా తయారవుతాయి. లాగిన్ కావాల్సిన విభాగం లేఅవుట్‌లోనే పెట్టండి.

లాగౌట్ చేసి వేరేవాళ్లు లాగిన్ అయితే కొత్త ప్రాప్స్ వచ్చినా పాత స్టోరే ఉంటుంది, ఎందుకంటే యూజ్‌స్టేట్ మొదటి విలువని ఒక్కసారే చూస్తుంది. ప్రొవైడర్‌కి యూజర్ ఐడీని కీ గా ఇవ్వండి; కీ మారితే రియాక్ట్ ప్రొవైడర్‌ని, దాంతోపాటు స్టోర్‌ని కొత్తగా పుట్టిస్తుంది.

అసలు ఫిల్టర్లు, పేజీ నంబర్ లాంటివి స్టోర్‌లో ఎందుకు? యూఆర్‌ఎల్‌లో ఉంటే లింక్ పంపినా పనిచేస్తాయి.

ఇక హైడ్రేషన్ తేడాలు. సర్వర్ పంపిన హెచ్‌టీఎంఎల్‌కి బ్రౌజర్‌లో రియాక్ట్ ప్రాణం పోయడమే హైడ్రేషన్; అప్పుడు రెండు చోట్లా ఒకే ఫలితం రావాలి. కార్ట్‌ని లోకల్‌స్టోరేజ్‌లో (బ్రౌజర్‌లోనే ఉండే నిల్వ) దాస్తే సర్వర్‌కి 0, బ్రౌజర్‌కి 3 కనిపిస్తాయి. స్టోర్‌ని అలా దాచే జుస్టాండ్ పర్సిస్ట్‌లో స్కిప్‌హైడ్రేషన్ ఆన్ చేసి, యూజ్‌ఎఫెక్ట్‌లో రీహైడ్రేట్ పిలవండి. తేదీలదీ ఇదే తంటా. మన టైమ్‌లో తెల్లవారుజామున 2 గంటలకి పెట్టిన ఆర్డర్, యూటీసీలో నడిచే సర్వర్‌కి ముందు రోజు రాత్రి 8:30దే. తేదీ ఫార్మాట్ చేసేటప్పుడు టైమ్‌జోన్‌ని ఏషియా/కోల్‌కతా అని స్పష్టంగా ఇవ్వండి.

పరీక్ష ప్రొడక్షన్ బిల్డ్ మీదే చేయండి. లాగిన్ అయి ఒక పేజీ తెరవండి. వెంటనే అదే అడ్రస్‌ని కుకీ లేకుండా కర్ల్‌తో (కమాండ్ లైన్ నుంచి పేజీ తెచ్చే టూల్) తెచ్చి, వచ్చిన హెచ్‌టీఎంఎల్‌లో మీ పేరు వెతకండి. బ్రౌజర్ స్క్రీన్‌ని నమ్మొద్దు, హైడ్రేషన్ అయ్యాక అది సర్దుకుంటుంది. పేరు దొరికిందంటే ఏదో మాడ్యూల్‌లో స్టోర్ ఇంకా ఫంక్షన్ బయటే మిగిలి ఉంది, లేదా పేజీ మొత్తం సీడీఎన్‌లో (పేజీల కాపీలు దాచి పంచే సర్వర్ల నెట్‌వర్క్) క్యాష్ అవుతోంది.