రోజువారీ బతుకులో, కష్టకాలంలో విశ్వాస పాఠాలు గమనించడం ఎలా?

బస్సు దొరికితే ‘దేవుడే పంపాడు’ అంటాం. తప్పిపోతే ‘ఏదో ప్రమాదం తప్పించాడు’ అంటాం. ఎటు జరిగినా ఒకటే మాట చెప్పేటట్టయితే ఆ బస్సు దగ్గర మనం నేర్చుకున్నదేమిటి? విశ్వాసం లేక కాదు, చూసే ఓపిక లేక అలా అనేస్తాం. జరిగింది సరిగా చూడకముందే దానికో వాక్యం అంటించేస్తాం. నేనూ ఏళ్ల తరబడి అదే చేశాను. ఇక్కడ చెప్పేది దానికి తలకిందుల పద్ధతి. ముందు చూడటం, తర్వాత లేఖనం దగ్గరికి వెళ్లడం, పాఠం అన్నిటికన్నా చివర.

1. జరిగింది జరిగినట్టు రాసుకోండి

బైబిల్లో లూకా 15లో పది వెండి నాణేల్లో ఒకటి పోగొట్టుకున్న స్త్రీ కథ ఉంది. ఆమె దీపం వెలిగిస్తుంది, ఇల్లు ఊడుస్తుంది, దొరికేదాకా వెతుకుతుంది, దొరికాక ఇరుగుపొరుగును పిలుస్తుంది. దేవదూతల ఎదుట కలిగే సంతోషం మాట ఆ తర్వాత గానీ రాదు. ఇంట్లో చీపురు పట్టి వెతికే మనిషిని దగ్గర నుంచి చూసినవాడు చెప్పిన కథ అది. యేసు ఉపమానాలన్నీ దాదాపు ఇంతే. విత్తనం ఏ నేల మీద పడిందో, వల ఎలా లాగారో ముందు కళ్లకు కట్టాకే దాని అర్థం.

అందుకని ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. రాత్రి పడుకునే ముందు పది నిమిషాలు చాలు. మూడే లైన్లు: ఏం జరిగింది, అప్పుడు నాకేమనిపించింది, పక్కన ఎవరున్నారు. ‘దేవుడు ఈ రోజు నాకు నేర్పింది’ అన్న లైన్ మాత్రం రాయకండి. మొదటి వారం చప్పగా ఉంటుంది, ఉండనివ్వండి.

ఈ అలవాటు కొత్తదేమీ కాదు. 1521లో పాంప్లోనా కోట దగ్గర జరిగిన యుద్ధంలో ఫిరంగి గుండు తగిలి ఇగ్నేషియస్ లొయోలా అనే సైనికుడి కాలు విరిగింది. నెలల తరబడి మంచం మీదే ఉండి, పొద్దుపోక ఊహల్లో తేలేవాడు. కాసేపు వీరోచిత పనులు, గొప్పింటి స్త్రీ మెప్పు. కాసేపు క్రీస్తు జీవితం, పరిశుద్ధుల త్యాగాలు. ఊహించుకుంటున్నంతసేపూ రెండూ హాయిగానే ఉండేవి. కానీ మొదటివి అయిపోయాక మనసు ఎండిపోయినట్టు ఉండేది, రెండోవి అయిపోయాక కూడా సంతోషం నిలిచేది. ఆయన మార్పు ఆ తేడా గమనించడంతో మొదలైంది. తర్వాత ఆయన, రోజును వెనక్కి తిరిగి చూసుకునే ప్రార్థన ఒకటి నేర్పాడు. కృతజ్ఞత చెప్పడం, వెలుగు అడగడం, రోజంతా నెమరేసుకోవడం, తప్పుకు క్షమాపణ వేడుకోవడం, రేపటికి సిద్ధపడటం, అంతే. కాథలిక్ సంఘంలో పుట్టిన పద్ధతే అయినా ఏ సంఘంవారికైనా పనికొస్తుంది.

2. చిన్నదాని దగ్గర ఎక్కువసేపు ఆగండి

మా నాన్నకు పక్షవాతం వచ్చి తేరుకుంటున్న రోజులు. ఆదివారం ఆరాధనకు టైమ్ అయిపోతోంది. నాన్న చొక్కా గుండీలు పెట్టుకుంటున్నారు. ఎడమచేత్తో గుండీ పట్టుకుని, మాట వినని కుడిచేతి బొటనవేలితో కాజా కోసం తడుముతున్నారు. గుండీ సగం దూరి మళ్లీ జారిపోయింది. నేను చెయ్యి చాపాను. ‘ఉండరా, ఎక్కింది’ అన్నారు. ఎక్కలేదు. మూడో గుండీ అయ్యేసరికి పై పెదవి మీద చెమట పట్టింది. ఐదు గుండీలకు పావుగంట. అందులో ఒకటి పక్క కాజాలో పడింది, అలాగే బయల్దేరాం.

ఆ రాత్రికి పాఠం నా దగ్గర రెడీగా ఉంది: నాన్న ఓర్పు. కానీ మూడు లైన్లూ నిజంగా రాసేసరికి రెండో లైన్ దగ్గర ఇరుక్కుపోయాను. ఆ క్షణంలో నాకు కలిగింది జాలి కాదు, చిరాకు. లేటైతే అందరూ తిరిగి చూస్తారని టెన్షన్. సాయమని చాపిన చెయ్యి నాన్న కోసం కాదు, నా కోసం. ‘ప్రేమ దీర్ఘకాలము సహించును’ అని 1 కొరింథీయులకు 13లో ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. ఆ దీర్ఘకాలం పావుగంట కూడా కాలేదు నా దగ్గర.

మీరు రాసుకున్న దాంట్లో మీరొక్కరే మంచివారుగా, మిగతావాళ్లంతా నేర్చుకోవాల్సినవాళ్లుగా కనిపిస్తే ఇంకోసారి రాయండి.

3. ఒక్క వచనం కాదు, అధ్యాయం మొత్తం చదవండి

‘నేను మిమ్మును గూర్చి ఉద్దేశించిన సంగతులను నేనెరుగుదును’ అన్న యిర్మీయా 29:11 క్యాలెండర్ల మీద, ఫోన్ స్టేటస్‌లలో తరచూ కనిపిస్తుంది. ఉద్యోగం రాకపోతే ఇదే, పెళ్లి కుదరకపోతే ఇదే. కానీ అది యెరూషలేము నుంచి బబులోనుకు చెరపట్టబడి వెళ్లినవారికి యిర్మీయా పంపిన ఉత్తరంలోని మాట. దానికి ముందు వచనంలోనే, తిరిగి రావడానికి డెబ్బై ఏళ్లు పడుతుందని ఉంది. అంటే ఆ ఉత్తరం అందుకున్న పెద్దవాళ్లలో చాలామంది తిరుగు ప్రయాణం చూడరు. ఇక 28వ అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలో అంతా సర్దుకుంటుందని చెప్పాడు, అది అబద్ధప్రవచనం. యిర్మీయా మాత్రం ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అన్నాడు.

అధ్యాయం మొత్తం చదివాక ఆ వచనం బలం తగ్గదు, బరువు పెరుగుతుంది. త్వరలో అంతా బాగైపోతుందన్న హామీగా కాక, ఆలస్యమైనా ఇక్కడే బతకమన్న పిలుపుగా వినిపిస్తుంది. మీ నోట్‌బుక్‌లోని సంగతికి ఏదైనా వచనం గుర్తొస్తే దానికి ముందూ వెనకా చదవండి. ఎవరు, ఎవరితో, ఏ పరిస్థితిలో అన్నారో ఒక ముక్క రాసుకోండి. కుదరకపోతే ఆ వచనం వదిలేయండి.

4. కష్టంలో ఉన్నప్పుడు క్రమం మార్చండి

పెద్ద కష్టం మీద పడినప్పుడు పాఠం వెతకడం మొదటి పని కాదు. 1 రాజులు 19లో ఏలీయా ప్రవక్త ఎడారిలో ఒక చెట్టు కింద కూర్చుని ‘ఇక చాలు, నా ప్రాణం తీసుకో’ అంటాడు. దేవుడు వెంటనే ప్రసంగం చెయ్యలేదు. ఏలీయా నిద్రపోయాడు. దూత తట్టి లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. తిని మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు. ఆ తర్వాత నలభై రోజుల నడక. హోరేబు కొండ దగ్గర గాలి, భూకంపం, అగ్ని అన్నీ అయ్యాక మెల్లని స్వరం. దానికన్నా ముందు రెండు నిద్రలు, రెండు భోజనాలు ఉన్నాయని మనం మర్చిపోతాం.

కాబట్టి మీరు తిన్నారా, పడుకున్నారా చూసుకోండి. నిద్ర వారాల తరబడి పట్టకపోతే, చచ్చిపోవాలనిపిస్తుంటే డాక్టర్ దగ్గరికి వెళ్లండి, నమ్మకమైన మనిషికి ఈ రోజే చెప్పండి. అది విశ్వాసం తక్కువ కావడం కాదు.

తర్వాత మొర రాయండి. కీర్తన 13 ఆరే వచనాలు. మొదటి రెండిట్లోనే ‘ఎంతకాలం’ అన్న ప్రశ్న నాలుగుసార్లు వస్తుంది. దావీదు ముందు దేవుణ్ని పిలుస్తాడు, బాధ దాచకుండా చెబుతాడు, కావలసింది అడుగుతాడు, చివర్లో నమ్మిక చెబుతాడు. ఆ వరసలో మీ మాటల్లో రాయండి. చివరి మెట్టు రాకపోతే బలవంతంగా తెచ్చుకోకండి. కీర్తన 88 చీకటి అన్న మాటతోనే ముగుస్తుంది, అయినా అది బైబిల్లో ఉంది.

5. ఎదుటివారి కష్టానికి పాఠం చెప్పకండి

ఈ ఒక్క విషయంలో నేను మొండివాణ్ని. పిల్లల్నీ ఆస్తినీ ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన ముగ్గురు స్నేహితులూ ఏడు రోజులు నేల మీద అతని పక్కన మాట్లాడకుండా కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే. నోరు తెరిచాక అధ్యాయాలకు అధ్యాయాలు పాఠాలు చెప్పారు. చివర్లో దేవుడు, మీరు నా గురించి యుక్తమైనది పలకలేదని వాళ్ల మీద కోపపడ్డాడు. సిలోయము గోపురం కూలి చనిపోయిన పద్దెనిమిది మంది మిగతావాళ్ల కంటే అపరాధులా అని యేసు అడిగి, కాదని తానే చెప్పాడు.

అన్నలే గుంటలో పడేసి అమ్మేసిన యోసేపు సంగతి చూడండి. కథ మొదలైనప్పుడు పదిహేడేళ్లు, ఫరో ఎదుట నిలిచేసరికి ముప్పై. ‘మీరు కీడు తలపెట్టారు, దేవుడు దాన్ని మేలుకే ఉద్దేశించాడు’ అన్న మాట ఆదికాండం చివరి అధ్యాయంలో వస్తుంది, అది కూడా యోసేపు నోటి నుంచే. గుంటలో ఉన్న పిల్లవాడితో పైనుంచి ఎవరో అన్న మాట కాదది.

6. పాఠాన్ని పరీక్షించండి

నోట్‌బుక్‌లో రాసుకున్నది ఒకరికి చదివి వినిపించండి, మిమ్మల్ని పొగడటమే పనిగా పెట్టుకోనివాళ్లకు. ఆ పాఠం వల్ల మీరు ఎవరికైనా ఫోన్ చేశారా, క్షమాపణ అడిగారా, ఒక పని మానుకున్నారా? భయం, గర్వం తప్ప ఇంకేమీ మిగల్చకపోతే అది పాఠం కాదు. ఇంట్లో కొట్టే మనిషిని భరిస్తూ ‘దేవుడు ఓర్పు నేర్పిస్తున్నాడు’ అనుకోవడం అస్సలు కాదు. అక్కడ చెయ్యాల్సింది బయటపడటం, సాయం అడగటం.

7. తేదీ వేసి, పక్కన ఖాళీ వదలండి

యొర్దాను నది దాటాక ఇశ్రాయేలీయులు పన్నెండు రాళ్లు నిలబెట్టారు. సమూయేలు ప్రవక్త ఒక రాయి పెట్టి ఎబెనెజెరు అని పేరు పెట్టాడు, ఇంతవరకు యెహోవా సహాయం చేశాడని. ‘ఇంతవరకు’ అన్నాడు, అంతే. మీ పేజీల మీద కూడా తేదీ వేయండి, ఏడాదికోసారి తిరగేయండి.

నాన్న కుడిచెయ్యి పూర్తిగా రావాలని అడిగిన ప్రార్థన ఒకటి నా నోట్‌బుక్‌లో ఉంది. పక్కన ఇంకా ఖాళీయే. ఆ పేజీ తీసినప్పుడల్లా తన శరీరంలో ముల్లులాంటి బాధ తొలగించమని అపొస్తలుడు పౌలు మూడుసార్లు వేడుకున్న 2 కొరింథీయులకు 12 చదువుకుంటాను. గుండీలు మాత్రం నాన్న ఇప్పటికీ తనే పెట్టుకుంటారు. ఆదివారాలు మేం పావుగంట ముందే తయారవడం మొదలుపెడతాం.