వారం మాత్ర వారానికే! చలి ముదరకముందు సోరియాసిస్ ఉన్నోళ్లకి చెప్పాల్సిన మాట

పోయిన నెల మా మామని, అంటే అమ్మ తమ్ముడిని, ఆటోలో పడుకోబెట్టి అనంతపురం తీసుకొచ్చినాం. నోరు తెరవలేడు, గుటక నీళ్లు మింగినా మంట, జ్వరం నూట మూడు, కాళ్ల మీద ఎప్పుడూ తెల్లగా పొట్టు రాలే సోరియాసిస్ మచ్చలు కాస్తా పచ్చి పుండ్లయి దుప్పటికి అతుక్కుపోతున్నాయి. రక్తం చూస్తే తెల్లకణాలు 900, మామూలుగా నాలుగు వేలకు తగ్గకూడదు. డాక్టరమ్మ చేయి పట్టుకుని చూడకముందే అడిగిన మాట ఒకటే, "ఆ పసుపు మాత్ర రోజూ వేస్తున్నారా?"

ఔను, రోజూ మూడు, తొమ్మిది రోజులు.

ఆ మాత్ర పేరు మెథోట్రెక్సేట్. సోరియాసిస్ ఒళ్లంతా పాకినా, కీళ్లకు దిగినా చాలామందికి ఇదే ఇస్తారు, పాత మందు, రేటు తక్కువ, సరిగ్గా వాడితే మంచి మందే. కానీ ఇది వారానికి ఒక్క రోజు వేసుకునే మాత్ర. కార్తీకం వచ్చిందంటే మనవైపు గాలి ఎండిపోతుంది, మోకాళ్లు మోచేతులు పగుల్తాయి, ఎండాకాలమంతా ఊరుకున్న జబ్బు లేచి కూర్చుంటుంది, అందుకే ఈ నెలల్లోనే చాలామందికి ఈ మాత్ర కొత్తగా మొదలవుతుంది, లేదా డోసు పెరుగుతుంది. కొబ్బరినూనె రాయండి, గీరొద్దు, ఇది అంటుకునే జబ్బు కాదు, ఇవన్నీ మీకు తెలుసు కాబట్టి వదిలేస్తున్నా.

తప్పు ఎట్ల జరిగిందో చెప్తా. మామకి చీటీలో శనివారం మూడు మాత్రలు, మిగతా రోజుల్లో ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ మాత్ర ఒకటి అని రాసినారు. మొదటి నెల కొడుకు చూసుకున్నాడు, బాగానే తగ్గింది. రెండో నెల కొడుకు బెంగళూరు పనికి పోయినాడు, చెనిక్కాయలు పీకే టైం, మామ ఖాళీ షీటు జేబులో వేసుకుని టౌన్లో ఏదో మందుల షాపుకి పోయి ఇది ఇయ్యప్పా అన్నాడు. షాపులో కుర్రోడు చీటీ అడగలేదు, కవర్ మీద పెన్నుతో మూడు గీతలు గీసి పొద్దున అని రాసిచ్చినాడు. ఇంట్లో ఫోలిక్ యాసిడ్ షీటు ఉంది, అదీ చిన్నదే, అదీ పసుపే. రోజూ వేసుకోవాల్సింది ఏదో వారానికి వేసుకోవాల్సింది ఏదో యాభై ఎనిమిదేళ్ల మనిషికి, అద్దాలు లేకుండా, ఎట్ల తెలుస్తుంది.

రోజూ వేస్తే ఏమవుతుందంటే, సోరియాసిస్‌లో చర్మం కణాలు నెల పట్టే పని నాలుగైదు రోజుల్లో చేసేస్తాయి, అందుకే ఆ పొట్టు. ఈ మందు వేగంగా పుట్టే కణాలకు అడ్డం పడుతుంది, ఒక్కసారి వేస్తే కణాల్లో వారమంతా పని చేస్తూనే ఉంటుంది. రోజూ వేస్తే చర్మంతో ఆగదు, ఒంట్లో వేగంగా పుట్టేవి ఇంకేముంటాయి, నోటి లోపలి పొర, పేగు పొర, ఎముక మూలుగలో రక్తకణాలు, అన్నిటినీ ఎండగడుతుంది. మనుషులు పోతారు దీంతో, ఉత్త భయపెట్టడం కాదు.

ఇంకో ఘోరం ఏమంటే చాలామందికి మొదటి గుర్తు నోట్లో పుండ్లు. మనవైపు నోరు పూసిందంటే ఏమంటారు, వేడి చేసింది అంటారు. అత్త కూడా అదే అనుకుని సబ్జా గింజలు నానబెట్టింది, మజ్జిగ పోసింది, బీకాంప్లెక్స్ తెప్పించింది, ఆ నాలుగు రోజులూ పొద్దున్నే ఆ మూడు మాత్రలు మాత్రం తప్పకుండా చేతిలో పెట్టింది. ఆమెని ఏమనగలం. ఈ మాత్ర వాడే మనిషికి నోరు పూస్తే అది వేడి కాదు, మాత్ర ఆపేసి అదే రోజు రక్తపరీక్షకి పోవాల. గొంతునొప్పి, జ్వరం, విరేచనాలు, చిగుళ్లలో రక్తం, పాత మచ్చలు పుండ్లు పడడం, ఏది కనిపించినా అదే మాట. దీనికి విరుగుడు ల్యూకోవోరిన్ అని ఉంది, ఆసుపత్రిలో ఇస్తారు, ఎంత తొందరగా పడితే అంత మేలు. ఇంట్లో ఇంకో రెండు ఫోలిక్ మాత్రలు మింగించి చూద్దాంలే అనుకోవద్దు, అది ఇది ఒకటి కాదు. మామకి పన్నెండు రోజులు పట్టింది, బతికినాడు.

ఇక చేయాల్సింది. మాత్ర ఏ రోజు వేయాలో చీటీ మీద పెద్దక్షరాలతో తెలుగులో రాయించుకోండి. మరిచిపోని రోజు పెట్టుకోండి, మీ ఊరి సంత రోజో, ఒక్కపొద్దు ఉండే శనివారమో. ఒక్కసారికి నాలుగు వారాలకు మించి కొనొద్దు. రెండు షీట్లూ ఒకే డబ్బాలో పెట్టొద్దు. ఇంట్లో ఇంకొకరికి కూడా తెలిసుండాల. ఒక వారం మరిచిపోతే పై వారం రెండింతలు వేయొద్దు. షాపోడు రోజుకొకటి అని రాస్తే కవర్ అక్కడే చింపేయండి.

అసలు ఇది సోరియాసిసేనా అనేది ముందు తేల్చుకోండి. నాకు పద్నాలుగేళ్లుగా ఉంది, మొదటి రెండేళ్లు తామర అని ట్యూబులు రాసినా, నేనే కొనుక్కొని, ఎవర్నీ అడక్కుండా. ఆ ట్యూబుల్లో గట్టి స్టెరాయిడ్ కలిపి ఉంటుంది, రాసినన్నాళ్లు తగ్గుతుంది, ఆపితే ఇంతకింత లేస్తుంది, తామర ఉన్నా కూడా దాని రూపు మార్చేస్తుంది, తర్వాత డాక్టర్ కూడా గుర్తు పట్టలేడు. తామర సాధారణంగా గుండ్రంగా, అంచు ఎర్రగా, మధ్యలో తేటగా ఉంటుంది. సోరియాసిస్ మచ్చ దళసరిగా మైనం మాదిరి తెల్ల పొట్టుతో ఉంటుంది, గీకితే సూదిమొన అంత రక్తం చుక్కలు వస్తాయి, గోళ్ల మీద గుంటలు పడతాయి. అనుమానం ఉంటే పొట్టు గీకి మైక్రోస్కోపులో చూస్తారు, ఇంకా తేలకపోతే చిన్న ముక్క తీసి పంపుతారు. చర్మం డాక్టర్ దగ్గరికే పోండి.

మిగతావి గుర్తొచ్చిన వరసలో చెప్తా.

మాత్ర మొదలుపెట్టకముందు రక్తకణాలు, లివరు, కిడ్నీ, కామెర్లు తెచ్చే హెపటైటిస్ బీ, సీ పరీక్షలు. మొదలైనాక డాక్టర్ చెప్పిన తేదీకి మళ్లీ, ఒంట్లో బాగానే ఉంది కదా అని ఎగ్గొట్టొద్దు. తాగుడు పూర్తిగా బంద్, పెళ్లిలో ఒక్క పెగ్గు కూడా లేదు, లివరు పోతుంది. జలుబుకో మూత్రం మంటకో సెప్ట్రాన్ మాదిరి సల్ఫా మాత్ర ఎవరైనా ఇస్తే నేను మెథోట్రెక్సేట్ వాడుతున్నా అని గట్టిగా చెప్పండి, ఆ రెండూ కలిస్తే మూలుగ ఎండుతుంది. నడుం నొప్పి మాత్రలు కూడా అడక్కుండా మింగొద్దు. వాంతులు విరేచనాలు పట్టుకుంటే ఆ వారం మాత్ర వేసేముందు ఫోన్ చేసి అడగండి, ఒంట్లో నీళ్లు తగ్గితే కిడ్నీ ఈ మందుని బయటికి పంపలేదు. పిల్లల కోసం చూస్తున్నవాళ్లు, ఆడైనా మగైనా, ముందే చెప్పాల. గర్భంతో ఉంటే ఈ మాత్ర అసలు ముట్టొద్దు. వారంలో తగ్గిస్తాం అని సూది వేస్తే వేయించుకోవద్దు, పొట్లంలో పొడి ఇస్తే తీసుకోవద్దు, అందులో స్టెరాయిడ్ ఉంటే ఆపిన రోజు నుంచి ఒళ్లంతా ఎర్రబడి చీముపొక్కులు లేస్తాయి, అప్పుడు ఆసుపత్రే. బీపీకో మలేరియాకో మనసు జబ్బుకో వాడే మాత్రల్లో కొన్ని సోరియాసిస్‌ని లేపుతాయి, మీ అంతట మీరు ఆపొద్దు, డాక్టర్‌కి చూపించండి. పొద్దున్నే లేస్తే వేళ్లు అరగంట దాకా ముడుచుకోకపోతే, వేలు మొత్తం ఉబ్బితే, వాతం అని నూనె రుద్దుతూ కూర్చోవద్దు, కీళ్లు ఒకసారి వంకర పోతే తిరిగి రావు. పచ్చబొట్టు వేయించుకోవద్దు, చర్మానికి దెబ్బ తగిలిన చోటే కొత్త మచ్చ లేస్తుంది. అరచేతుల్లో ఉన్నోళ్లు చెనిక్కాయలు ఒట్టి చేతుల్తో ఒలవద్దు.

నోరు పూస్తే మాత్ర ఆపండి. మళ్లీ చెప్తున్నా, వేడి కాదు.

మిగిలిన షీటు ఎవరికీ ఇవ్వద్దు. మామ ఇంటికొచ్చిన మూడో రోజే వెనక వీధి ఆయన వచ్చి, నాకూ అదే జబ్బు కదమ్మా ఆ మాత్రలు ఊరికే పారేస్తావా అని అడిగినాడు, అత్త మాట్లాడకుండా ఆ షీటు కొంగున ముడేసుకుని మరుసటి రోజు బస్సెక్కి ఆసుపత్రిలోనే ఇచ్చొచ్చింది.