పరిమిత బడ్జెట్‌లో ప్రోగ్ రాక్ – 3వ పాఠం: ఐదింటిలో రెండు

ప్రోగ్ అంటే ప్రోగ్రెసివ్ రాక్: పెద్ద నిడివి పాటలు, మారే తాళాలు ఉండే రాక్ సంగీతం. గత పాఠంలో ఇచ్చిన పని పూర్తి చేశారనుకుంటాను. ఈ మూడు నెలల్లో వచ్చిన కొత్త ఆల్బమ్‌లలో మీకు ఆసక్తి పుట్టించిన ఐదింటి పేర్లు నోట్‌బుక్‌లో రాసి, ఒక్కోదాని ఎదురుగా నిడివి, ధర వేసుకోవడమే ఆ పని. మన లెక్క మూడు నెలలకు 3,000 రూపాయలు. ఆ డబ్బుకు ఐదూ రావు. రెండు వస్తాయి, మహా అయితే మూడు. ఆ రెండూ ఏవో తేల్చుకోవడమే ఈ పాఠం.

దానికి ముందు చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. నెలకు ఇంత అని కడితే స్ట్రీమింగ్‌లో అన్నీ దొరుకుతున్నాయి కదా, మళ్లీ కొనడం దేనికి? స్పాటిఫైలో ఒక ట్రాక్ 30 సెకన్లు మోగితే ఒక ప్లే కింద లెక్క. మూడు నిమిషాల సినిమా పాటకూ ఒకటే ప్లే, 23 నిమిషాల ప్రోగ్ ట్రాక్ మొదటి నుంచి చివరి దాకా విన్నా ఒకటే ప్లే. పెద్ద నిడివి పాటలు కట్టేవాళ్లకు ఈ పద్ధతిలో పడే దెబ్బ చిన్నది కాదు. పైగా వీళ్లకు శ్రోతలూ తక్కువే. అందుకే స్ట్రీమింగ్‌ను వినడానికీ, ఎంచుకోవడానికీ వాడుకుందాం. నచ్చినవాళ్లకు డబ్బు మాత్రం నేరుగా ఇద్దాం.

ఎంచుకోవడానికి ఒక్కో ఆల్బమ్‌ను మూడుసార్లు వినాలి. మూడుసార్లూ ఒకే తీరుగా కాదు, ఒక్కోసారి ఒక్కో సంగతి కోసం. సాధన చేయడానికి మనకు తెలిసిన పాతదే ఒకటి తీసుకుందాం: కింగ్ క్రిమ్‌సన్ వాళ్ల 1974 నాటి ‘రెడ్’ ఆల్బమ్‌లో చివరి పాట ‘స్టార్‌లెస్’. పన్నెండు నిమిషాల పైచిలుకు ఉంటుంది.

మొదటిసారి: చప్పుడు లేని చోట

మియాపూర్‌లో ఎక్కి ఎల్‌బీ నగర్‌లో దిగితే మెట్రోలో గంటకు కాస్త తక్కువ. ఒక ఆల్బమ్‌కు చక్కగా సరిపోతుందని అనిపిస్తుంది. దయచేసి మొదటిసారి అక్కడ వినకండి. ‘స్టార్‌లెస్’లో దాదాపు నాలుగున్నర నిమిషాల దగ్గర గొంతు ఆగిపోతుంది. బేస్ గిటార్ ఒక మందమైన వరసను మెల్లగా తిప్పుతూ ఉంటుంది. దాని మీద రాబర్ట్ ఫ్రిప్ గిటార్ ఇంచుమించు ఒకే స్వరాన్ని మళ్లీ మళ్లీ మీటుతుంది. డ్రమ్మర్ అక్కడొకటి, ఇక్కడొకటి చిన్న శబ్దాలు వదులుతుంటాడు. నిమిషాల తరబడి అంతే. ఆ స్వరం కొద్దికొద్దిగా పైకి జరుగుతుంది, డ్రమ్స్ దట్టమవుతాయి, చివరికి మొత్తం బ్యాండ్ విరుచుకుపడుతుంది. మెట్రో చప్పుడులో, మూడు భాషల అనౌన్స్‌మెంట్ల మధ్య ఆ నాలుగు నిమిషాలూ ‘ఏమీ జరగడం లేదు’ అన్నట్టే ఉంటుంది. మీరు వాల్యూమ్ పెంచుతారు. బ్యాండ్ విరుచుకుపడేసరికి చెవులు నొప్పెడతాయి. తప్పు పాటది కాదు, చోటుది.

ఈ సంగీతంలో మెల్లగా వినిపించే భాగానికీ, గట్టిగా మోగే భాగానికీ మధ్య దూరం ఎక్కువ. ఆ దూరమే చాలాచోట్ల అసలు కథ. మన ఊళ్లో రాత్రి పది దాటాక హారన్లు కాస్త సద్దుమణుగుతాయి. ఆ వేళ ఫ్యాను కూడా ఆపి, ఫోను బోర్లా పెట్టి వినండి. మామూలు వైర్ ఇయర్‌ఫోన్స్ చాలు, ఖరీదైనవేం అక్కర్లేదు. పాట సాహిత్యం చూడొద్దు. అభిప్రాయం రాయొద్దు. పూర్తయ్యాక ఏ చోటు గుర్తుండిపోయిందో ఒక్క వాక్యం మాత్రం రాయండి. ఏదీ గుర్తు లేకపోతే అదే రాయండి.

ఆల్బమ్‌కు ముందు విడుదలయ్యే సింగిల్ విని మాత్రం కొనకండి. చాలాసార్లు పొట్టిగా, వెంటనే పట్టుకునేలా ఉన్న ట్రాక్‌నే ముందుకు తోస్తారు. ఆల్బమ్ బరువంతా మోసే ఇరవై నిమిషాల ట్రాక్ విడుదల రోజు దాకా వినిపించకపోవచ్చు. ప్రీ-ఆర్డర్ ఒత్తిడిలో పడొద్దు. రంగు ఎల్‌పీ (వినైల్ రికార్డు) అయిపోతుందేమోనన్న టెన్షన్ తప్ప ఆగినందుకు పోయేదేమీ లేదు.

రెండోసారి: చేత్తో లెక్క

ఈసారి తాళం. నాలుగు లెక్కలో కుదరని తాళాలు ప్రోగ్‌లో అడుగడుగునా వస్తాయి. ఇక్కడ మనకు చేతిలో ఉన్న ఆస్తి చాలామంది పాశ్చాత్య శ్రోతలకు లేదు. కర్ణాటక సంగీతం నేర్చుకోకపోయినా, ఇంట్లో ఎవరో ఒకరు తొడ మీద తాళం వేస్తుంటే చూసే ఉంటారు. ‘తకిట తకధిమి’ అంటే ఏడు, అది మిశ్ర చాపు. ‘తక తకిట’ అంటే అయిదు, ఖండ చాపు. ఈ రెండూ నోటికి వస్తే సగం దారి వచ్చేసినట్టే.

సాధనకు పింక్ ఫ్లాయిడ్ 1973 ఆల్బమ్ ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’లోని ‘మనీ’ పెట్టండి. నాణేల చప్పుడు తర్వాత వచ్చే బేస్ వరసకు ఏడు లెక్కపెట్టండి. ఎనిమిదో దెబ్బ కోసం చెయ్యి ఎదురుచూస్తుంది, అది రాదు, వరస మళ్లీ మొదలవుతుంది. శాక్సఫోన్ సోలో దాకా ఏడు నిలబడుతుంది. గిటార్ సోలో రాగానే మీ లెక్క చెదిరిపోతుంది. మీరు తప్పలేదు, అక్కడ తాళం నాలుగులోకి మారింది. సోలో అయ్యాక మళ్లీ ఏడు. ఈ మార్పు ఎందుకు చేశారో వింటుంటేనే తెలుస్తుంది: నాలుగులోకి రాగానే గిటార్‌కు మైదానం దొరికినట్టు ఉంటుంది, తిరిగి ఏడులోకి వచ్చేసరికి ఆ బిగింపు మళ్లీ పట్టుకుంటుంది.

కొత్త ఆల్బమ్ దగ్గర కూడా ఇదే ప్రశ్న వేసుకోవాలి. తాళం మారినప్పుడు పాటలో ఏం మారింది? ఏడులోనో పదమూడులోనో ఉన్న వరస మీద హాయిగా పాడుకోగలిగే బాణీ ఉందా, లేక మన చేత లెక్క తప్పించడానికే పెట్టారా? రెండో రకం మొదటిసారి అబ్బురంగా ఉంటుంది. ఆరు నెలల తర్వాత దాన్ని మళ్లీ పెట్టబుద్ధి కాదు. వాయించే నైపుణ్యం మీద నాకెంతో గౌరవం, కానీ 3,000 రూపాయల్లో నైపుణ్యానికి మాత్రమే కేటాయించే భాగం లేదు. నోట్‌బుక్‌లో ఇలా రాయండి: ‘లెక్క మారిన చోట బాణీ నిలిచింది’, లేదా ‘నిలవలేదు’.

మూడోసారి: ఏది తిరిగొచ్చింది?

రెండోసారికీ మూడోసారికీ మధ్య కనీసం మూడు రోజులు విడవండి. తొందరపడొద్దు. మూడోసారి వినేటప్పుడు మొదట్లో వచ్చిన బాణీ ఎక్కడైనా తిరిగొస్తుందేమో కనిపెట్టండి. ‘స్టార్‌లెస్’ మొదట్లో మెలోట్రాన్ (టేపు మీది శబ్దాలు పలికే పాతకాలపు కీబోర్డు) నేపథ్యంలో గిటార్ పలికించిన దిగులు బాణీ ఉంది కదా, అది ఆ కల్లోలమంతా దాటాక చివర్లో శాక్సఫోన్ మీద తిరిగొస్తుంది. స్వరాలు అవే. కానీ మధ్యలో మనం విన్నదంతా దాని వెనక ఉంది. కీర్తనలో చరణం పూర్తయి పల్లవి అందుకున్నప్పుడు అదే పల్లవి కొత్తగా వినిపించినట్టు. పెద్ద ప్రోగ్ పాటను నిలబెట్టేది ఈ తిరిగి రావడమే. అది లేకపోతే ఇరవై నిమిషాల పాట అనేది అయిదారు చిన్న పాటల ముక్కలు పక్కపక్కన పెట్టడమే. మూడోసారి మొదటిసారి కన్నా ఎక్కువ దొరికిన ఆల్బమ్ కొనాలి. మొదటిసారే అంతా ఇచ్చేసింది స్ట్రీమింగ్‌లోనే ఉండనివ్వండి.

ఇప్పుడు నిజమైన ఎంపిక ఒకటి చేసి చూద్దాం. 2024 నవంబరు నుంచి 2025 మార్చి లోపు మూడు పెద్ద ఆల్బమ్‌లు వరసగా వచ్చాయి. స్వీడన్ బ్యాండ్ ఓపెత్ ‘ది లాస్ట్ విల్ అండ్ టెస్టమెంట్’, అమెరికా బ్యాండ్ డ్రీమ్ థియేటర్ ‘పారాసోమ్నియా’, ఇంగ్లండ్ గాయకుడు, గిటారిస్టు స్టీవెన్ విల్సన్ ‘ది ఓవర్‌వ్యూ’. మూడూ ఒకేసారి కొనే స్తోమత మన లెక్కలో లేదు.

ఓపెత్ ఆల్బమ్ ఒక ధనిక కుటుంబ పెద్ద చనిపోయాక అతని వీలునామా చదవడం చుట్టూ తిరిగే కథ. చివరిది తప్ప పాటలకు పేర్లు లేవు, వీలునామాలోలాగా పేరా నంబర్లే. 2008 తర్వాత మొదటిసారి గాయకుడు మైకేల్ ఆకర్‌ఫెల్ట్ గొంతులో గ్రౌల్, అంటే లోతైన గర్జన, ఆల్బమ్‌లోకి తిరిగొచ్చింది. జెత్రో టల్ బ్యాండ్ ఇయన్ ఆండర్సన్ గొంతు, వేణువు కూడా ఉన్నాయి. గర్జన భరించలేనివాళ్లు మొహమాటపడి కొనక్కర్లేదు. అది ఇందులో అలంకారం కాదు, కథ చెప్పే గొంతుల్లో ఒకటి. దాన్ని వదిలేసి మిగతాది వినడం కుదరదు. భరించగలిగితే మాత్రం మూడోసారి ఇది బాగా విచ్చుకుంటుంది.

‘పారాసోమ్నియా’ నిద్రలో వచ్చే ఇబ్బందుల మీద అల్లిన ఆల్బమ్, 70 నిమిషాల పైన. 2009 తర్వాత డ్రమ్మర్ మైక్ పోర్ట్‌నాయ్ మళ్లీ ఈ బ్యాండ్‌తో చేసిన మొదటి ఆల్బమ్ కావడంతో అభిమానులు పండగ చేసుకున్నారు. వాయించే సత్తాకు వంక పెట్టలేం. నా నోట్‌బుక్‌లో మాత్రం అది రెండోసారి దగ్గర ఆగింది: వేగం గుర్తుంది, దాని మీది బాణీ చాలాచోట్ల నిలవలేదు. మీ పుస్తకంలో వేరేలా ఉంటే మీ పుస్తకాన్నే నమ్మండి.

‘ది ఓవర్‌వ్యూ’లో ఉన్నవి రెండే రచనలు, ఒకటి సుమారు 23 నిమిషాలు, ఇంకొకటి 18. అంతరిక్షం నుంచి భూమిని చూసిన వ్యోమగాముల మనసు ఎలా మారుతుందన్నది దీని ఆలోచన. మొదటిసారి విడివిడి ముక్కల్లా తోచింది. మూడోసారికి ముక్కలు ఒకదాన్నొకటి పిలుచుకుంటున్నాయి. ఈ మూడింటిలో నేను ఓపెత్, విల్సన్ ఎంచుకుంటాను.

నిడివిని బట్టి విలువ కట్టొద్దు. 42 నిమిషాలకు, 70 నిమిషాలకు ఒకే ధర అయితే 70 నిమిషాలదే లాభం అనిపిస్తుంది, నిజం కాదు. ట్రాన్సాట్లాంటిక్ బ్యాండ్ 2021లో ‘ది ఆబ్సల్యూట్ యూనివర్స్’ను రెండు రూపాల్లో వేసింది. ఒకటి గంటన్నర, ఇంకొకటి సుమారు 64 నిమిషాలు. పొట్టిది పొడవుదానికి కత్తిరింపు మాత్రమే కాదు, కొన్నిచోట్ల సాహిత్యమే వేరు. అలాంటప్పుడు పొట్టిదాన్నే ముందు కొనమంటాను. వినే సమయం కూడా మన బడ్జెట్‌లోదే. డీలక్స్ పెట్టెల్లో వచ్చే డెమోలు, గొంతు లేని వెర్షన్లు, సరౌండ్ మిక్స్ ఉన్న బ్లూ-రే మీ ఇంట్లో ప్లేయర్ లేకపోతే షెల్ఫ్‌కే పరిమితం.

ఏ రూపంలో కొనాలి?

ఎల్‌పీలో ఒక వైపు బాగా మోగాలంటే ఇరవై, ఇరవై రెండు నిమిషాలే పడుతుంది. అందుకే 70 నిమిషాల ఆల్బమ్ రెండు ప్లేట్లవుతుంది, ధర కూడా ఆ మేరకు పెరుగుతుంది. దిగుమతి ఎల్‌పీ ఒక్కటే మన మూడు నెలల డబ్బు మింగేస్తుంది. సీడీ అయితే 74 నుంచి 80 నిమిషాలు ఒకే డిస్క్‌లో ఇమిడిపోతాయి. బయటి దేశం నుంచి తెప్పిస్తే షిప్పింగ్, కస్టమ్స్ కలిసి డిస్క్ ధరను దాటేయవచ్చు. ఆర్డర్ పెట్టేముందు అన్నీ కలిపి మొత్తం రాసుకోండి. అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల మధ్య పాత సీడీలు కనిపిస్తే చూడండి, వెలుతురుకు పెట్టి గీతలు, రంధ్రాలు లేవని తేల్చుకున్నాకే డబ్బివ్వండి. కొత్త ఆల్బమ్‌ల కోసం మాత్రం అక్కడ తిరిగి లాభం లేదు.

మన బడ్జెట్‌కు సరిపడే దారి బ్యాండ్‌క్యాంప్‌లో (బ్యాండ్‌లు తమ సంగీతాన్ని నేరుగా అమ్ముకునే వెబ్‌సైట్) డిజిటల్ కొనడం, బ్యాండ్ అక్కడ ఉంటే. సీడీ నాణ్యతకు తగ్గని ఫ్లాక్ ఫైళ్లు వస్తాయి, కొనేముందు చాలా ఆల్బమ్‌లు పూర్తిగా వినొచ్చు. డిజిటల్ అమ్మకంలో ఆ సంస్థ వాటా మామూలుగా 15 శాతం. 2020 మార్చిలో మొదలైన బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే రోజుల్లో ఆ వాటా కూడా వదిలేస్తారు. మీకు ధర తగ్గదు, బ్యాండ్‌కు ఎక్కువ అందుతుంది. అది అమెరికా పశ్చిమ తీరం గడియారం ప్రకారం కాబట్టి మనకు శుక్రవారం మధ్యాహ్నం మొదలై శనివారం మధ్యాహ్నం దాకా ఉంటుంది. బ్యాంకు యాప్‌లో కార్డుకు అంతర్జాతీయ లావాదేవీలు ముందే ఆన్ చేసుకోండి, కొన్నాక ఆపేయండి. విదేశీ కరెన్సీకి బ్యాంకు వేసే అదనపు రుసుమునూ ధరలో కలపండి.

విదేశాల వైపే చూడక్కర్లేదు కూడా. బెంగళూరు బ్యాండ్ అగమ్ కర్ణాటక కృతులను ప్రోగ్ కట్టుబడిలోకి తెచ్చింది. వాళ్ల ‘ది ఇన్నర్ సెల్ఫ్ అవేకెన్స్’ 2012లో, ‘ఎ డ్రీమ్ టు రిమెంబర్’ 2017లో వచ్చాయి. త్యాగరాజు ‘మనవ్యాలకించరాదటే’ వాళ్లు చేసిన తీరు వినండి. సాహిత్యం మన భాష కాబట్టి, ఏ మాట దగ్గర గిటార్ ఎందుకు బరువెక్కిందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఈ పాఠం పని

మీ ఐదు ఆల్బమ్‌లకూ ఐదు పేజీలు కేటాయించండి. ఒక్కో పేజీలో మూడే వాక్యాలు: గుర్తున్న చోటు, లెక్క మారిన చోట బాణీ సంగతి, తిరిగొచ్చినదేమిటి. రోజుకొకటి చొప్పున వింటూ పోతే, మధ్యలో విడవాల్సిన రోజులూ కలుపుకుని దాదాపు మూడు వారాలు పడుతుంది. మూడో వాక్యం ఖాళీగా మిగిలిన పేజీలు పక్కన పెట్టండి. రెండుకన్నా ఎక్కువ మిగిలితే, తేదీ వేసి ఒక నెల ఆగి మళ్లీ వినండి.

4వ పాఠంలో రీమిక్స్‌ల సంగతి చూద్దాం. కింగ్ క్రిమ్‌సన్, యెస్, జెత్రో టల్ పాత ఆల్బమ్‌లను స్టీవెన్ విల్సన్ కొత్తగా మిక్స్ చేశాడు, అంటే అప్పటి రికార్డింగ్‌లనే తీసుకుని వాద్యాల, గొంతుల పాళ్లు మళ్లీ సరిచూశాడు. అసలు మిక్స్ ఇంట్లో ఉన్నవాళ్లు అదే ఆల్బమ్ మళ్లీ కొనొచ్చా, కొంటే ఏవి అన్నది ‘రెడ్’ పక్కపక్కనే పెట్టి విని తేల్చుకుందాం.